మా వైపు బడులు, మీ వైపు బడులు: బెంగళూరులో సర్కారు బడిని తూచి చూడడం ఎలా

బెంగళూరులో నాలుగు తెలుగు కుటుంబాలు ఏ గృహప్రవేశంలోనో కలిస్తే, విస్తళ్లు తీసేలోపే పిల్లల చదువుల మాట వస్తుంది. గుంటూరు నుంచి వచ్చినవారు తమ వైపు సర్కారు బడులే మేలంటారు. కర్ణాటక ఈశాన్యాన ఉన్న జిల్లాల గురించి "రాయచూరు, యాదగిరి వైపు పిల్లలకు చదువు ఎక్కదు" అని ఒకరంటే, "తీరం వైపు ఉడుపి, మంగళూరు పిల్లలకు అది పుట్టుకతోనే వస్తుంది" అని ఇంకొకరు అందుకుంటారు. ఇలాంటి మాటలు నమ్మి, ఇంటి పక్కనున్న మంచి సర్కారు బడిని కాదని, అప్పు చేసి ప్రైవేటు బడిలో ఫీజు కట్టిన తల్లిదండ్రులు నాకు తెలుసు. కృష్ణరాజపురం పరిసరాలకు కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలకు బడి వెతకడంలో కొన్నేళ్లుగా తోడు వెళ్తున్నాను. ఒక ప్రాంతపు బడుల గురించి చెవిన పడిన మాటను ఎలా తూచాలో, ఆ తర్వాత మన వీధిలోని బడిని ఎలా పరిశీలించాలో ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

విన్న మాటను ముందుగా నాలుగు ప్రశ్నలతో విడదీయండి: ఏ బడి, ఏ తరగతి, ఏ మాధ్యమం, ఏ సంవత్సరం? ఇలా అడిగితే, చాలామంది తాము ముప్ఫై ఏళ్ల కిందట చదువుకున్న ఊరి హైస్కూలును నేటి బెంగళూరు బడితో పోలుస్తున్నారని తేలుతుంది. అంతకంటే పెద్ద పొరపాటు, ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను ఎంచుకునే గురుకులాన్ని, గుమ్మంలోకి వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకోవలసిన వీధి బడి పక్కన నిలబెట్టడం. ఆ రెండింటి ఫలితాలను పోల్చి రాష్ట్రాల మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఉత్తీర్ణత శాతాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. కర్ణాటక పదో తరగతి పరీక్షనే చూడండి. 2023లో చిత్రదుర్గ జిల్లా 96.80 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. ఉడుపి మొదటి పది జిల్లాల్లో కూడా లేదు. 2024లో పరీక్షా కేంద్రాల్లో కెమెరాలు పెట్టి, వెబ్‌కాస్టింగ్ ద్వారా పైనుంచి కనిపెట్టి చూశారు. ఆ ఏడాది ఉడుపి 94 శాతంతో మొదటికి వచ్చింది, గ్రేస్ మార్కులు పెంచి ఇచ్చినా రాష్ట్ర ఉత్తీర్ణత 83.89 నుంచి 73.40 శాతానికి పడిపోయింది. ఒక్క ఏడాదిలో పిల్లల తెలివి మారదు, పాఠం చెప్పేవారు కూడా పెద్దగా మారరు. ప్రధానంగా మారింది పరీక్ష గదిలోని నిఘా. అందుకని ఎవరైనా ఒక ఏడాది శాతం చెప్పి ఒక జిల్లాను పొగిడినా తెగిడినా, కనీసం మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి, ఆ మధ్యలో పరీక్ష పద్ధతి మారిందేమో చూసిన తర్వాతే ఒప్పుకోండి.

యాదగిరి మాత్రం ఆ రెండేళ్లూ చివరనే ఉంది. ఆ వెనుకబాటు నిజం, దాన్ని దాచడం ఆ పిల్లలకే అన్యాయం. కాని దానికి కారణాలను పిల్లల బుర్రల్లో కాక చరిత్రలో, పాలనలో వెతకాలి. 1834లో మంగళూరు చేరిన బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండు క్రైస్తవ సంస్థ ఆ దశాబ్దంలోనే అక్కడ బడులు తెరిచింది. యాదగిరి, రాయచూరు, కలబురగి 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉండి, 1956లో మైసూరు రాష్ట్రంలో కలిశాయి. బడులు ముందే వచ్చిన చోటికీ ఆలస్యంగా వచ్చిన చోటికీ ఉన్న ఈ తేడా ఎంత దూరం వెంటాడుతుందో తెలంగాణ నుంచి వచ్చినవారికి వేరే చెప్పనక్కరలేదు. దానికి తోడు ఖాళీగా ఉండిపోయే ఉపాధ్యాయ పోస్టులు, పనుల కోసం ఏటా సాగే వలసలు. ఆ వలసల్లో భవన నిర్మాణానికి వచ్చే కుటుంబాల పిల్లలే బెంగళూరు సర్కారు బడుల్లో మన పిల్లల పక్కన కూర్చుంటారు.

సర్వేలను ఉదహరించేవారితో మాట్లాడేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకుంటే చాలు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసేందుకు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే ప్రధానంగా పల్లెల్లో, ఇంటింటికీ వెళ్లి చేసేది. అందులో ప్రైవేటు బడి పిల్లలూ ఉంటారు. కేంద్ర ప్రభుత్వం చేయించిన 2021 నాటి జాతీయ సాధన సర్వే (ఎన్.ఎ.ఎస్.) బడిలోనే జరిగింది. కాబట్టి ఒకదాని అంకెను రెండోదాని అంకెతో పోల్చకూడదు, అసర్ అంకెతో బెంగళూరు బడిని అంచనా వేయనూ కూడదు.

ఇక అసలు పని బడికి వెళ్లడం. వెళ్లే ముందు, దేశంలోని బడుల వివరాలు ఉంచే కేంద్ర ప్రభుత్వ యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఆ బడి వివరాలు చూడండి. ప్రతి బడికీ పదకొండు అంకెల కోడ్ ఉంటుంది. కర్ణాటక బడుల కోడ్ 29తో మొదలవుతుంది. పిల్లలు ఎందరు, ఉపాధ్యాయులు ఎందరు, గదులు ఎన్ని అనేవి అక్కడ దొరుకుతాయి. అవి బడి తన గురించి తాను చెప్పుకున్న వివరాలు కనుక, రాసుకుని వెళ్లి కళ్లారా సరిచూసుకోవాలి.

పండుగలు, వార్షికోత్సవాలు లేని మామూలు పనిదినాన ఉదయం వెళ్లండి. హెడ్‌మాస్టరు గారి అనుమతి తీసుకుని, పిల్లను చేర్చే ఉద్దేశంతో వచ్చామని చెప్పండి; తనిఖీకి వచ్చినట్టు ప్రవర్తిస్తే ఏ బడీ మనసు విప్పదు. మూడో తరగతి పిల్ల ఒకరిచేత రెండో తరగతి పుస్తకంలో మధ్య పేజీ ఒకటి చదివించమని మర్యాదగా అడగండి. మొదటి పాఠం అందరికీ కంఠతా వచ్చి ఉంటుంది, మధ్య పేజీయే నిజం చెబుతుంది. తరువాత నోటు పుస్తకాలు చూడండి. వాళ్లు తెచ్చి చూపే మొదటి ర్యాంకు పిల్లవాడి పుస్తకం కాకుండా, గదిలో వెనక వరుస నుంచి ఓ నాలుగైదు పుస్తకాలు. అన్నింటిలో ఒకే వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంటే అది బోర్డు మీద నుంచి ఎక్కించుకున్నదే. తప్పు చేసిన లెక్క పక్కన ఎర్ర సిరాతో సరైన పద్ధతి వేసి, ఆ కింద పిల్ల మళ్లీ చేసిన లెక్క కనిపిస్తే, ఆ ఉపాధ్యాయుడిని గాని ఉపాధ్యాయినిని గాని వదులుకోవద్దు. బడి మొత్తంలో నాకు అన్నిటికంటే నమ్మకమైన ఆనవాలు అదే.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు అరవై మంది పిల్లలుంటే కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఇద్దరే ఐదు తరగతులను ఎలా నడుపుతున్నారో, వారిలో తాత్కాలికంగా పనిచేసే అతిథి ఉపాధ్యాయులు ఎవరో అడిగి తెలుసుకోండి. బిసియూట, అంటే బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం వేళ దాకా ఉంటే, వంట శుభ్రతతో పాటు ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం ఉందా, లోపల నీళ్లు వస్తున్నాయా అన్నది కూడా తెలిసిపోతుంది.

ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలు ఒకే గదిలో గుంపులుగా నేల మీద కూర్చుని కార్డులతో నేర్చుకోవడం చూసి, "ఇది బడి కాదు, అంగన్‌వాడీ" అని నాతో వచ్చిన ఒక అనంతపురం తండ్రి వెనుదిరగబోయాడు. అది నలికలి పద్ధతి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీకి వెళ్లి, అక్కడి పల్లె బడుల్లో చూసి నేర్చుకున్నదే తరువాత కర్ణాటకంతా వ్యాపించింది. అదే మూలం నుంచి చెన్నై నగరపాలక బడుల్లో కార్యాచరణ బోధన మొదలైంది. రాయలసీమ పల్లె బడిలో పుట్టిన పద్ధతిని కన్నడ బడిలో చూసి ఇది మనవైపు లేదు కదా అనుకోవడం నాకు బాధ కలిగించింది. అందులో చూడవలసింది కూర్చునే తీరు కాదు. నేర్చుకోవడంలో ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఉపాధ్యాయురాలు తడుముకోకుండా చెప్పగలుగుతున్నారా అన్నది.

చేర్చే రోజు టి.సి. రాలేదని ఎవరైనా వెనక్కి పంపితే, ఎనిమిదో తరగతి వరకు టి.సి. ఆలస్యాన్ని సాకుగా చూపి ప్రవేశం నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టంలోని ఐదో సెక్షన్ చెబుతోందని నెమ్మదిగా గుర్తు చేయండి. కన్నడ భయం పెట్టుకోవద్దు. రెండు లిపులూ దగ్గరి చుట్టాలు కనుక, తెలుగు చదవడం వచ్చిన పిల్లకు అక్షరాలు త్వరగానే పట్టుబడతాయి. మాటకు మాత్రం ఇంకొంత సమయం పడుతుంది. ఆ సమయంలో ఇంట్లో "ఇక్కడి బడులింతే" అనే మాట పిల్ల చెవిన పడనీయకండి. పెద్దల వాదన ఎంత తీవ్రంగా సాగినా, పక్కింటి యాదగిరి పిల్లవాడి ఎదుట ఆ జిల్లా పేరు ఎగతాళిగా ఎత్తకండి.

అదే మధ్య పేజీ పరీక్షను ఇంట్లో మీ పిల్లకు జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత మరోసారి పెట్టి చూడండి. రెండింటికీ తేడా లేకపోతే, తేదీలతో రాసుకుని బడి ఎస్.డి.ఎం.సి. (బడి అభివృద్ధి, పర్యవేక్షణ సంఘం) సమావేశానికి వెళ్లండి. ఆ సంఘంలో ఎక్కువమంది తల్లిదండ్రులే కనుక, సొంత ఊరి గొప్పలు పక్కన పెట్టి నోటు పుస్తకం తెరిచి చూపితే మీ మాట వింటారు.