గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారు పన్ను పీకించుకునే ముందు

పన్ను పీకినప్పుడు, చిగురు కోసినప్పుడు నోటిలోని స్ట్రెప్టోకాకస్ క్రిములు రక్తంలోకి వెళ్తాయి. మామూలు గుండెలో అవి నిలవవు. కృత్రిమ కవాటానికి మాత్రం పట్టుకుని గడ్డలా పెరుగుతాయి. అదే ఎండోకార్డైటిస్.

కవాటం మార్పించుకున్నవారు, ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గినవారు ఆ సంగతి ముందు డెంటిస్టుకు చెప్పాలి. పెద్దలకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500 మి.గ్రా. క్యాప్సూల్స్ నాలుగు, పని మొదలయ్యే 30–60 నిమిషాల ముందు ఒకేసారి ఇస్తారు. పిల్లలకు కిలో బరువుకు 50 మి.గ్రా. మరిచిపోతే పని అయిన రెండు గంటల్లోపు వేసుకోవచ్చు. పెన్సిలిన్ పడని పెద్దలకు అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. కీళ్లవాత జ్వరానికి మూడు నాలుగు వారాలకోసారి వేయించుకునే పెన్సిలిన్ ఇంజెక్షన్ దీనికి బదులు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు దాన్ని సొంతంగా ఆపకూడదు.

అసలు ప్రమాదం, పన్ను పీకించుకున్నాక వచ్చే జ్వరంతో. సాయంత్రం చలి, చెమటలు, ఆకలి మందగించడం కనిపిస్తే ఊళ్లో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు, దయచేసి. ఒక్క డోసు పడినా రక్తం కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్షలో, క్రిమి దొరక్కపోవచ్చు. దొరక్కపోతే ఏ మందు వాడాలో తేలదు, కవాటం మాత్రం పాడవుతూనే ఉంటుంది. ముందు వేర్వేరు చోట్ల గుచ్చి మూడుసార్లు రక్తం తీయించాలి. మొదటిదానికీ చివరిదానికీ కనీసం గంట తేడా ఉండాలి. తర్వాత ఎకో, అంటే గుండె స్కాన్. కృత్రిమ కవాటానికి గొంతులోంచి చేసే ఎకోయే స్పష్టంగా చూపిస్తుంది. జబ్బు తేలితే సాధారణంగా ఆరు వారాలు నరానికి మందు ఎక్కిస్తారు.

మాట తడబడినా, ఆయాసం వచ్చినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.