బండి ఇంట్లో పెట్టి ఆఫీసుకెళ్లడం ఎలా

మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయట కొంటున్నదే. అందుకే బండి తాళం మేకుకు తగిలించేశాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లాలంటే మియాపూర్ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలు పట్టుకోండి. అమీర్‌పేటలో జనమంతా ఒక్కసారిగా మెట్ల మీద పడతారు. రైలు ఆగకముందే వీపు మీది బ్యాగు తీసి పొట్ట మీదికి వేసుకోండి, వెనకవాళ్లకూ చోటు దొరుకుతుంది.

దిగాక ఆటో వద్దు, సిటీ బస్సే ఎక్కండి. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ చూపి జీరో టికెట్ తీసుకోండి.

ఒక్క పని మాత్రం తప్పక చేయండి. బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారో, రూటు నంబరుతో సహా రోజూ చీటీ మీద రాసుకోండి. నెలాఖరున పదిమంది సంతకాలు పెట్టించి, ఇంకో బస్సు వేయమని డిపోలో అర్జీ ఇవ్వండి.