వైన్ మార్కుల చీటీ చదివే పద్ధతి

అమెరికా దుకాణాల్లో ఏ వైన్ సీసా దగ్గర చూసినా 90, 91 అని చీటీ ఉండడంతో ఏది కొనాలో తేల్చుకోవడం కష్టమవుతుంది. అమెరికా వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ 100 మార్కుల పద్ధతి 50 నుంచే మొదలవుతుంది. తక్కువ వచ్చినవాటికి ఎవరూ చీటీ తగిలించరు కూడా. అందువల్ల అంకె ఒక్కటే చూసి కొనకుండా, ముందుగా చీటీ మీది ద్రాక్ష పంట సంవత్సరమూ సీసా మీది సంవత్సరమూ ఒకటేనా అని సరిచూడండి. 2019 పంటకు వచ్చిన మార్కులు 2021 సీసా పక్కన అలాగే ఉండిపోవచ్చు. మార్కులు వేసినవారి పేరు లేకపోతే ఆ అంకెను వదిలేయండి. రెండూ సరిపోతే, 89 నుంచి 92 దాకా ఉన్నవన్నీ సమానమేనని ఎంచి, మీకు నచ్చే ద్రాక్ష రకంలో చౌకైనది ముందు ఒక్క సీసా కొని రుచి చూడండి. అయితే చాలా షాంపేన్‌లు పలు సంవత్సరాల పంటలు కలిపి చేసినవి కనుక వాటి మీద సంవత్సరం ఉండదు. అక్కడ ఈ పోలిక పనికిరాదు.