షాట్ పాడుచేసింది ఎడమచేతి బొటనవేలే
బెంగళూరు జయనగర్‌లో మేం ఆరుగురం తెలుగువాళ్లం రోజూ పొద్దున్నే బాస్కెట్‌బాల్ ఆడతాం. రెండు నెలలపాటు నా ఫ్రీ త్రోలన్నీ (ఎవరూ అడ్డు రాకుండా గీత వెనక నిలబడి వేసే షాట్లు) రింగు కుడి అంచుకే తగిలేవి. బలం చాలట్లేదేమోనని ఇంకా గట్టిగా విసిరాను. భుజం నొప్పి మొదలైంది.

ఒకరోజు మా బావ ఫోన్‌లో వీడియో తీసి స్లోమోషన్‌లో చూపించాడు. బంతి వదిలే క్షణంలో నా ఎడమ బొటనవేలు దాన్ని పక్కకి నెడుతోంది. బంతి మీది నల్ల గీతలు వెనక్కి తిరగాల్సింది పోయి, బొంగరంలా అడ్డంగా తిరుగుతున్నాయి. ఎడమచేయి పని బంతి జారకుండా ఆనించి ఉంచడం వరకే!

ఇప్పుడు రాగానే షాట్లు వేయను. బెంగళూరు చలికి పొద్దున ఒళ్లు బిగుసుకుపోయి ఉంటుంది కదా, ముందు ఐదు నిమిషాలు మెల్లగా పరుగెత్తి, చీలమండలు, భుజాలు తిప్పుతాను. తర్వాత రింగుకి మీటరు దూరం నుంచి కుడిచేత్తోనే ఇరవై షాట్లు. మోచేయి రింగు వైపు ఉండాలి, బంతి వదిలాక మణికట్టు ముందుకి వాలి అలాగే ఆగాలి. రింగు వెడల్పు 45 సెంటీమీటర్లు, బంతి సుమారు 24. వంపుగా పైనుంచి దిగితే బోలెడు చోటుంది.

అది కుదిరాకే ఎడమచేయి కలిపి, ఒక్కో అడుగు వెనక్కి జరిగాను. ఫ్రీ త్రో గీత చేరడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు పదికి ఏడు పడుతున్నాయి, భుజం నొప్పి కూడా పోయింది.