హోం పార్టీ హోస్టుకు ఇచ్చే కవరు: ఎక్కడ తేడా వస్తోంది, ఎలా సరిచేసుకోవాలి

టప్పర్‌వేర్ 1996లో మన దేశానికి వచ్చాక హోం పార్టీ పద్ధతి పట్టణాల్లోని మధ్యతరగతి ఇళ్లకు బాగా పరిచయమైంది. ఒక ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి, వస్తువు చేతికిచ్చి చూపించి, అక్కడికక్కడే ఆర్డర్లు రాసుకోవడం దీని పని తీరు. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ కాలనీల్లో ఇలా వంటపాత్రలు, సౌందర్య సాధనాలు, ఇంటి శుభ్రత సామాన్లు అమ్మేవారు పార్టీకి ముందు హోస్టుకు, అంటే తన ఇల్లు ఇచ్చి నలుగురిని పిలిచే గృహిణికి, కొన్ని కాగితాలున్న కవరు ఇస్తారు. పార్టీ చప్పగా సాగినప్పుడు వస్తువునో, వాడకట్టునో, వచ్చినవాళ్లనో తప్పుపట్టడం అలవాటు. అయితే చాలాసార్లు లోపం ఆ కవరులోనే దొరుకుతుంది, ఎందుకంటే అమ్మే మనిషి దగ్గర లేని రోజుల్లో హోస్టుకు దిక్కు ఆ కాగితాలే. కింద ఒక్కో సమస్యను అది బయటికి కనిపించే తీరుతో మొదలుపెట్టి, కారణం, పరిష్కారం వరుసగా వివరిస్తున్నాను.

కవరు విప్పకుండానే అల్మారాలో ఉండిపోతోంది

పార్టీకి రెండు రోజుల ముందు ఫోన్ చేస్తే హోస్టు "నువ్వు ఇచ్చిన కవరా? ఇంక చూడలే అక్కా, ఏమేం చెయ్యాలె చెప్పు" అంటుంది. దీన్ని ఆమె నిర్లక్ష్యంగా తీసుకోకూడదు. కవరు తెరిచి చూస్తే పైన కంపెనీ చరిత్ర, దాని కింద మందపాటి క్యాటలాగు, ఆ కింద సంపాదన పథకం కరపత్రం, అంటే అమ్మకందారుగా చేరమని చెప్పే కాగితం, ఉంటాయి. ఆమె చేయవలసిన పని ఎక్కడో చివరి కాగితం వెనుక వైపు ఉంటుంది. ఇంటి పని మధ్యలో ఐదు నిమిషాలు దొరికిన మనిషి అంత లోతుకు వెళ్లదు.

అన్నిటికంటే పైన ఒకే ఒక కాగితం ఉండాలి. దాని మీద పార్టీ తారీఖు, వారం, సమయం, మీ పేరు, ఫోన్ నంబరు, ఆమె చేయవలసిన పనులు పెద్ద అక్షరాల్లో ఉండాలి. పనులను తారీఖులతో కలిపి రాయడం మేలు: "బుధవారం లోపల పేర్ల జాబితా పూర్తి చేయండి", "శుక్రవారం సాయంత్రం ఫోన్లు చేయండి" అన్నట్టు. "ముందుగా ఆహ్వానించండి" అని రాస్తే ముందు అంటే ఎప్పుడో ఎవరికీ తెలియదు. కవరును వాచ్‌మన్ చేతికో, పక్కింటివారికో ఇచ్చి రాకుండా, పార్టీకి పది పన్నెండు రోజుల ముందు స్వయంగా వెళ్లి, ఆమె ఎదురుగానే తెరిచి, పై కాగితంలోని తారీఖులను ఆమె చేతనే ఇంటి క్యాలెండరు మీద గుర్తు పెట్టించాలి. క్యాటలాగు ఒకటి చాలు. మిగిలినవి పార్టీ రోజు మీరు తీసుకెళ్లవచ్చు.

పిలిచినవారిలో సగం మంది కూడా రావడం లేదు

సాధారణంగా హోస్టు వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టి, కింద బొటనవేలు గుర్తులు చూసి అందరూ వస్తారనుకుంటుంది. గ్రూపులో అందరినీ పిలిచిన పిలుపు ఎవరినీ పిలవని పిలుపుతో సమానం. కవరులో పిలుపు ఎలా చేయాలో చెప్పే కాగితం లేకపోవడమే ఇందుకు మూలం.

ఒక పేర్ల కాగితం తయారు చేయండి. "మీ స్నేహితుల పేర్లు రాయండి" అని ఖాళీ గీతలు ఇస్తే ఐదారు పేర్ల దగ్గర ఆగిపోతుంది. దానికి బదులు గడులుగా విడగొట్టాలి: ఇంటి చుట్టుపక్కలవారు, పుట్టింటి వైపు వారు, అత్తింటి వైపు వారు, పిల్లల బడి దగ్గర కలిసే తల్లులు, పొదుపు సంఘం సభ్యులు, పాత కాలనీవారు. ప్రతి పేరు పక్కన ఫోన్ చేసిన తేదీ, వస్తానన్నారా లేదా, ముందు రోజు గుర్తు చేశారా అన్న మూడు చిన్న గడులు ఉండాలి. మొదటి పిలుపు మాటతో జరగాలి. వాట్సాప్ సందేశం గుర్తు చేయడానికి మాత్రమే పనికొస్తుంది.

మనుషులు రాకపోవడానికి రెండో కారణం వేళ. దీన్ని అమ్మేవారు తమ వీలును బట్టి నిర్ణయిస్తే దెబ్బతింటారు. గోదావరిఖని, భూపాలపల్లి, మంచిర్యాల వైపు సింగరేణి క్వార్టర్లలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుని ఉంటాడు. ఆ వారంలో పదకొండు గంటలకు పదిమంది ఆడవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి నవ్వించడం ఏ ఇల్లాలికీ కుదిరే పని కాదు. కాబట్టి తారీఖు ఖాయం చేసే ముందే "ఆ వారం ఇంట్లో ఏ షిఫ్టు?" అన్న ప్రశ్న కాగితం మీద ఉండాలి. అలాగే బతుకమ్మ తొమ్మిది రోజుల సాయంత్రాలు, ముఖ్యంగా సద్దుల బతుకమ్మ ముందు రోజు, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర వారం పార్టీకి పనికిరావు. నెల జీతం మీద నడిచే ఇళ్లలో మొదటి పది రోజులకూ చివరి పది రోజులకూ ఆర్డర్లలో తేడా ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

వచ్చినవారు ముఖం మాడ్చుకుని కూర్చుంటున్నారు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ లక్షణమే. మన ప్రాంతంలో ఆడవాళ్లను ఇంటికి పిలవడానికి ఒక మర్యాద ఉంది: గడప దాకా వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తారు. బొట్టు పెట్టి పిలవలేదంటే అలుగుతారు కూడా. హోస్టు కొత్తది అయితే, అమ్మకం అని చెప్పడానికి మొహమాటపడి, అదే పద్ధతిలో "సాయంత్రం మా ఇంటికి రా వదినా" అని బొట్టు పెట్టి వస్తుంది. వచ్చినవారు పసుపుబొట్టు, తాంబూలం అనుకుని పట్టుచీర కట్టుకుని వస్తారు. తీరా చూస్తే సోఫా ముందు బల్ల మీద డబ్బాలు, ఆర్డర్ ఫారాలు. ఎవరూ పైకి ఏమీ అనరు, ఒకరిద్దరు మొహమాటానికి చిన్న వస్తువు కొంటారు, కానీ ఆ వాడకట్టులో మళ్లీ పార్టీకి తలుపు తెరుచుకోదు.

కవరులో పిలుపు మాటలు రాసి ఇవ్వకపోవడం వల్లే ఇలా జరుగుతుంది. ఏం చెప్పాలో తెలియని మనిషి తెలిసిన పిలుపునే వాడుతుంది. కాబట్టి రెండు మూడు వాక్యాలు సిద్ధంగా అచ్చు వేయించండి: "శనివారం మూడింటికి మా ఇంట్లో వంటసామాన్లు చూపిస్తున్నరు వదినా. నచ్చితే కొనొచ్చు, కొనకపోయినా పర్వాలేదు. చాయ్ తాగి పోదువు రా." హోస్టు ఈ మాటలనే తన యాసలో చెప్పుకుంటుంది. చట్టం కూడా ఇదే కోరుతోంది. 2021 డిసెంబరు 28న వెలువడిన వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్, అంటే దుకాణం లేకుండా నేరుగా కొనేవారికి అమ్మడం) నిబంధనల ప్రకారం, అమ్మకం మాట మొదలుపెట్టేటప్పుడే అమ్మేవారు అడగకుండానే తామెవరో, ఏ కంపెనీ తరఫున వచ్చారో, ఏ వస్తువు కోసం వచ్చారో స్పష్టంగా చెప్పాలి. గుర్తింపు కార్డు లేకుండా, ముందస్తు అనుమతి లేకుండా వినియోగదారు ఇంటికి వెళ్లకూడదు. కార్డు నకలు ఒకటి కవరులో పెడితే, "ఆమె ఎవరు?" అని అడిగిన అత్తగారికో భర్తకో చూపించడానికి హోస్టుకు ఒక ఆధారం ఉంటుంది.

ఇందులోనే మరో చిన్న చిక్కు ఉంది. తిండి గురించి కవరులో ఏమీ రాయకపోతే హోస్టు పొద్దుటి నుంచి వంటింట్లోనే ఉండి, పార్టీ వేళకు అలసిపోతుంది. మరుసటిసారి పార్టీ అంటే దండం పెడుతుంది. "చాయ్, ఒక సర్వపిండి ముక్క చాలు, భోజనం వద్దు" అని పై కాగితంలోనే రాసేయండి.

"ఇది గొలుసు వ్యాపారమా?" అని అడుగుతున్నారు

సంపాదన పథకం కరపత్రం హోస్టు కవరులో ఉంటే ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. మనుషులను చేర్పించి డబ్బు సంపాదించే పథకాల్లో చేయి కాల్చుకున్న కుటుంబాలు ఉత్తర తెలంగాణలో తక్కువేమీ కాదు. డబ్బు చెలామణీ పథకాలను 1978 నాటి చట్టమే నిషేధించింది; పిరమిడ్ పథకాలను డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో నడపడాన్ని 2021 నిబంధనలు కూడా నిషేధించాయి. మీ కంపెనీ సక్రమమైనదే అయినా, ఒక సాయంత్రం ఇల్లు ఇస్తానన్న మనిషికి మీరు చేరిక పత్రం ఇస్తే ఆమెకు అనుమానం రావడం సహజం. కరపత్రాన్ని తీసేయండి. ఆసక్తి ఉండి ఆమే అడిగితే ఆ మాట వేరే రోజు, వేరే కాగితాలతో మాట్లాడుకోవచ్చు. హోస్టు పాత్రకూ అమ్మకందారు పాత్రకూ మధ్య గీత కవరులోనే కనిపించాలని నా అభిప్రాయం.

ధర, వాపసు గురించి హోస్టు చెప్పింది ఒకటి, జరిగింది ఒకటి

పార్టీ ముగిసి మీరు వెళ్లిపోయాక కొన్నవారు అడిగేది హోస్టునే. ఆమె "నచ్చకపోతే మార్చి ఇస్తరట" అని తోచింది చెప్పేస్తుంది. మార్పిడి, వాపసు, గ్యారంటీ నియమాలు కవరులో లేకపోవడమో, ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉండటమో దీనికి కారణం. వాపసు నియమాన్ని ఎవరికి వారు సొంత మాటల్లో రాసుకోవడం ప్రమాదం. కంపెనీ ఆమోదించని ప్రచార సాహిత్యాన్ని ఇవ్వకూడదని, కంపెనీ అనుమతించని గొప్పలు చెప్పకూడదని ఆ 2021 నిబంధనలే అమ్మేవారిని కట్టడి చేస్తున్నాయి. కాబట్టి కంపెనీ దగ్గర తెలుగు ప్రతి ఉందేమో అడగండి. లేకపోతే మీరు తయారు చేసిన తెలుగు ప్రతిని వారికి పంపి, ఆమోదం రాతపూర్వకంగా తీసుకున్నాకే కవరులో పెట్టండి. తారీఖు, సమయం, పేర్ల జాబితా వంటి కాగితాలకు మీ సొంత చేతిరాత సరిపోతుంది. వస్తువు గుణాల గురించి మాత్రం సొంత కవిత్వం వద్దు.

ధర విషయంలో ప్యాకెట్ మీద అచ్చైన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద జీఎస్టీ పేరుతో మళ్లీ వేయడం కుదరదని ఒక వాక్యం రాసి పెడితే లెక్క దగ్గర గొడవ తగ్గుతుంది. ఫిర్యాదుల కోసం కంపెనీ నంబరుతో పాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా అదే కాగితం మీద ఇవ్వండి. ఆ నంబరు ఇస్తే కొనేవారు బెదిరిపోతారని కొందరు అమ్మకందారులు వెనకాడతారు. నిజానికి అది చూసి ధైర్యంగా కొనేవారే ఎక్కువ.

హోస్టు బహుమతి దగ్గర మనస్పర్థ

"ఎనిమిది వేల ఆర్డర్లు వచ్చినయ్ గదా, నాకు ఎనిమిది వందల వస్తువు రావాలె గదా" అని ఆమె, "కాదమ్మా" అని మీరు. పార్టీకి ఇల్లు ఇచ్చినందుకు హోస్టుకు దక్కే బహుమతి గురించి కవరులో "అమ్మకాలపై పది శాతం బహుమతి" అని మాత్రమే ఉండి, ఏ అమ్మకం, ఎప్పటి లెక్క అన్నది లేనప్పుడు ఇద్దరూ న్యాయంగానే ఉన్నామనుకుంటారు. ఒక ఉదాహరణను లెక్కతో సహా అచ్చు వేయండి: ఆర్డర్లు ₹8,000, పార్టీ తర్వాత రద్దయినవి ₹1,200, డబ్బు అందిన అమ్మకం ₹6,800, దాని మీద పది శాతం ₹680. మీ కంపెనీ శాతం ఎంతైతే అంత వేసుకోండి. బహుమతి నగదుగా రాదని, ఫలానా జాబితాలోంచి ఎంచుకోవాలని, సరుకుతో పాటే వస్తుందని కూడా అక్కడే రాయాలి.

సరుకు వచ్చాక ఎవరిది ఏదో తెలియడం లేదు

ఒకే కాలనీలో ముగ్గురు లక్ష్ములు, ఇద్దరు స్వరూపలు ఉండటం మామూలే. ఆర్డర్ ఫారంలో పేరు ఒక్కటే రాయించుకుంటే హోస్టు ఇంట్లో పెట్టెలు పేర్చుకుని ఫోన్లు చేస్తూ కూర్చోవలసి వస్తుంది. ఇంటిపేరు, ఇంటి నంబరు, ఫోన్, వస్తువు రంగు, అడ్వాన్స్ నగదా ఫోన్‌పేనా అన్నవి తప్పనిసరి గడులుగా ఉంచండి. ఫారం కార్బన్ పెట్టి రెండు ప్రతులు రాయించి, ఒకటి కొన్నవారికి అప్పుడే ఇవ్వాలి. నింపిన ఫారాలను హోస్టు ఇంట్లో వదిలిరావద్దు, ఫోటో తీసి గ్రూపులో పెట్టవద్దు; అందులో పక్కింటివారి ఫోన్ నంబర్లు, వారు పెట్టిన ఖర్చు ఉంటాయి.

జిరాక్స్ సెంటరులో తెలుగు అక్షరాలు గజిబిజి

ఇది పూర్తిగా సాంకేతికం. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో టైపు చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు స్థానంలో అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ అక్షరాలు, అంటే ఏ కంప్యూటరులోనైనా తెలుగుగానే కనిపించేవి, కావు. ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేయించి తీసుకోండి, లేదా మొదటే యూనికోడ్‌లో టైపు చేయించండి. పిలుపు కార్డును వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అక్షరాలు మసకబారతాయి; డాక్యుమెంటుగా పంపితే అలాగే ఉంటాయి. కార్డు ఫోనులో చదవడానికే అయితే ఏ4 సైజు వద్దు, నిలువుగా చిన్నదిగా చేయించండి.

పాత ధరల కాగితం తిరుగుతోంది

ధరలు మారాక కూడా పాత కవరు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరి, పాత ధరకే ఇవ్వమని అడిగేవారు వస్తారు. ప్రతి కాగితం అడుగున నెల, సంవత్సరం వేయించండి. ధరల పట్టిక మీద "ఈ తేదీ వరకే" అని రాయండి. సరుకు అప్పగించే రోజు హోస్టు దగ్గర నుంచి కవరు వెనక్కి తీసుకుని, ధరల పట్టికను, మిగిలిన ఖాళీ ఫారాలను తీసేసి, వాపసు నియమాల కాగితం, మీ నంబరున్న పై కాగితం మాత్రం ఆమె దగ్గరే ఉంచండి.