మైకా మీద డీపీపీసీ చారలు తెగకుండా వచ్చిన విధానం: నా అనుభవం

లాంగ్మ్యూర్–బ్లాడ్జెట్ పద్ధతిలో (నీటి మీద తేలే పొరలోంచి పలకను పైకి లాగి, ఆ పొరను పలక మీదికి ఎక్కించే పద్ధతి) డీపీపీసీ అనే ఫాస్ఫోలిపిడ్ (కొవ్వు జాతి పదార్థం) ఏకాణు పొరను, అంటే ఒకే అణువు మందమున్న పొరను, మైకా (అభ్రకం) మీదికి ఎత్తినప్పుడు రావలసిన సమాంతర చారలు మాకు ఒక మూల చక్కగా కనిపించి, ఆ పక్కనే తెగిపోయి మచ్చలుగా మారేవి. క్లోరోఫాం ద్రావణం కొత్తగా చేయడం, మైకా మార్చడం, నీటి తొట్టిని మళ్లీ కడగడం ఫలితమివ్వలేదు.

పనిచేసింది నీటి ఉష్ణోగ్రతను స్థిరంగా నిలపడం. పొర ఘనీభవనానికి (వదులుగా ఉన్న అణువులు దగ్గరగా చేరి గట్టిపడడానికి) కాస్త ఇవతల ఉన్నప్పుడే, మైకా ఆకర్షణ వల్ల నీటి అంచు దగ్గర కొంత భాగం గట్టిపడి చారలు పుడతాయి. ఆ ఘనీభవనం మొదలయ్యే తలపీడనం (నీటి మీది పొరను పక్కల నుంచి నొక్కినప్పుడు అందులో ఏర్పడే పీడనం) ఉష్ణోగ్రతతోపాటు పెరుగుతుంది కనుక, నీరు కొద్దిగా వేడెక్కినా అదే తలపీడనం ఇక సరిపోదు.

ముందుగా సర్క్యులేటరుతో (ఉష్ణోగ్రతను నిలిపే యంత్రంతో) నీటిని 22 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలబెట్టి, అప్పుడే చీల్చిన మైకాను అందులో ముంచాను. తరువాత ద్రావణాన్ని చుక్కలుగా పరచి, క్లోరోఫాం ఆవిరయ్యాక, పీడనాన్ని నెమ్మదిగా మీటరుకు 3 మిల్లీన్యూటన్లకు తెచ్చి అక్కడే పట్టి ఉంచాను. గాలి తగలకుండా పెట్టె మూసి, నిమిషానికి 60 మిల్లీమీటర్ల వేగంతో పైకి లాగాను. అణుబల సూక్ష్మదర్శినిలో మైక్రాను కన్నా సన్నని చారలు, వాటి మధ్య పల్లపు గీతలు పలక పొడవునా కనిపించాయి.

సిలికాన్ మీద గానీ, రంగుపదార్థం కలిపిన పొరకు గానీ ఈ అంకెలే సరిపోతాయని చెప్పలేను. అక్కడ ముందుగా ఐసోథెర్మ్ (ఒకే ఉష్ణోగ్రత వద్ద పొర వైశాల్యంతో పీడనం మారే తీరును చూపే గ్రాఫు) తీసి, అందులో ఘనీభవనాన్ని సూచించే సమతల భాగం మొదలయ్యే పీడనాన్ని చూసుకోవడం మంచిది.