ఈ చెట్టు ఇక్కడే ఎందుకుంది? మీ ఊరి గుట్టను చదవడం ఎలా?

ఎర్రచందనం శేషాచలం కొండల్లో సహజంగా మొలుస్తుంది, శ్రీకాకుళం కొండల్లో మొలవదు. ఆదిలాబాద్ అడవిలో టేకు ఏపుగా పెరుగుతుంది. కోరంగి దగ్గర ఉప్పునీటి బురదలో మడ, తిల్ల లాంటివే నిలుస్తాయి. ఈ తేడాలు ఎందుకో తెలియాలంటే మూడు ప్రశ్నలు అడగాలి: ఇక్కడ వాన ఎలా పడుతుంది? కింద ఉన్నది ఏ నేల? ఇంతకు ముందు ఇక్కడ ఏం జరిగింది? మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. అది అడగకపోతే మొదటి రెండింటికి వచ్చిన జవాబులు కూడా దారి తప్పిస్తాయి.

నోటు పుస్తకం, ఫోను, మంచినీళ్ల సీసా, కొంచెం వెనిగర్ పట్టుకెళ్లండి. రిజర్వు ఫారెస్టయితే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. అక్కడ తవ్వొద్దు, కొమ్మ విరవొద్దు.

1. వాన లెక్క చూడండి

ఏడాది మొత్తం ఎంత కురిసిందన్నది ఒక్కటే చాలదు. ఏ నెలల్లో కురిసింది, ఎన్ని నెలలు చుక్క పడలేదు అన్నది రాసుకోండి. తిరుపతి వైపు నైరుతితో పాటు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలూ గట్టిగా పడతాయి. ఆ తర్వాత మే వరకు దాదాపు ఎండే. అందుకే అక్కడి చెట్లు చాలావరకు ఎండాకాలం ఆకు రాల్చి బతుకుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లి ఏవి మోడుబారాయో, ఏవి పచ్చగా ఉన్నాయో చూడండి.

తర్వాత కోనలోకి దిగండి. తలకోనలో ఎండాకాలంలోనూ నీడ, తేమ ఉంటాయి. లావుపాటి గిల్లతీగ చెట్ల మీదుగా అల్లుకుపోతుంది. పైన కొండ మీద పడే వానే ఇక్కడా పడుతుంది, కానీ నీరు ఇక్కడ ఆగుతుంది. కాబట్టి వాలు ఎటుందో, నీరు ఎటు పోతుందో కూడా నోటు చేసుకోవాలి.

2. నేలను చేత్తో పట్టి చూడండి

పిడికెడు మట్టి తడిపి చేతుల మధ్య తాడులా చుట్టండి. విరగకుండా సాగితే బంకమట్టి పాలు ఎక్కువ, పొడిపొడిగా రాలితే ఇసుక ఎక్కువ. వెనిగర్ చుక్క వేస్తే నురగ వచ్చిందంటే అందులో సున్నం ఉంది. ఎండాకాలం బీటలు వారే నల్లరేగట్లో నల్లతుమ్మ, ఎర్ర గరప నేలల్లో తంగేడు ఎక్కువగా కనిపిస్తాయి.

నేల కింద రాయి ఉంటుంది, దాన్నీ చూడండి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన దీన్ని కళ్లారా చూడొచ్చు. కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి. ఈ రెంటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. క్వార్ట్‌జైట్ అరిగితే వచ్చేది రాళ్లు కలిసిన, సారం తక్కువున్న పలచటి మట్టి. నీరు పగుళ్లలోంచి జారిపోతుంది. ఎర్రచందనం ఇలాంటి చోట తట్టుకుని నిలుస్తుంది.

3. చరిత్రను తవ్వండి

ఒకే మొదలు నుంచి మూడు నాలుగు కాండాలు లేచాయంటే ఆ చెట్టును ఎప్పుడో నరికి ఉండొచ్చు. ముళ్ల చెట్లే మిగిలితే పశువులు బాగా మేసి ఉండొచ్చు. మేకలు తోలే పెద్దాయన దొరికితే పక్కన కూర్చుని అడగండి: "తాతా, మీ చిన్నప్పుడు ఈ గుట్ట మీద ఏ చెట్లుండేవి?" ఆ జవాబు ఉన్నదున్నట్టు రాసుకోండి.

సర్కారు తుమ్మ సంగతి చూడండి. రాయలసీమ బీళ్లలో అది ఎప్పటినుంచో ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. వంటచెరకు కోసం, మెట్ట నేలల్లో పచ్చదనం కోసం మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ విత్తనాలు అడిగి తెప్పించగా, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. శేషాచలం ప్రాంతానికే పరిమితమైన, ఈత చెట్టులా కనిపించే అరుదైన సైకస్ జాతి మొక్క ఆయన పేరే మోస్తోంది: సైకస్ బెడ్డోమీ. ఒకటి ఈ కొండల్లోనే పుట్టి ఇక్కడే మిగిలిపోయింది. ఇంకొకటి మనిషి తెస్తే వచ్చి దేశమంతా పాకింది. రెంటికీ అందేది అదే ఎండ, అదే వాన.

4. మీ ఊహకు పరీక్ష పెట్టండి

వాన ఒకటే అయి నేల వేరైన చోటికి వెళ్లండి. తర్వాత నేల ఒకటే అయి వాన వేరైన చోటికి. రెండు చోట్లా చెట్లు మారాయో లేదో చూడండి. ఎర్రచందనాన్ని మంచి నేలలో నాటినా పెరుగుతుంది, తోటల్లో పెంచుతున్నారు కూడా. మరి సహజంగా అక్కడ ఎందుకు లేదు? ఆ చెట్టుకు వెలుతురు బాగా కావాలి. సారవంతమైన చోట త్వరగా ఎదిగే చెట్లు దాన్ని నీడలో ముంచేస్తాయి, రాతినేలలో ఆ పోటీ తక్కువ. నాకు ఎక్కువ సబబుగా తోచే వివరణ ఇదే. చెట్టు ఉన్న చోటు దానికి అన్నిటికన్నా ఇష్టమైన చోటే అయ్యుండాలని లేదు.

5. మొక్క నాటే ముందు ఈ నోటు పుస్తకం తెరవండి

చెట్లు లేని ప్రతి బీడూ పాడైన అడవి కాదు. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డి మైదానాలు బట్టమేక పిట్టకు నెలవుగా పేరుపొందినవి. 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అలాంటి చోట గుంతలు తీసి చెట్లు నాటితే ఆ పిట్టకు ఇల్లు పోతుంది. మీరు చూసిన చోట గడ్డి మొదటి నుంచీ ఉన్నదా, అడవి నరికాక వచ్చిందా అన్నది ముందు తేల్చుకోండి. మొదటి నుంచీ ఉన్నదైతే అక్కడ చెట్లు నాటొద్దు. నరికిన అడవైతే పాత మొదళ్ల నుంచి చిగుళ్లు వస్తున్నాయేమో చూసి, ముందు వాటికి మేకల నుంచి కంచె కట్టండి.